రన్నింగ్ బ్యాక్ అంచనా: కళాశాల మైదానం నుంచి వృత్తి ఫుట్‌బాల్ దాకా

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని చంకన బిగించుకుని ప్రత్యర్థుల మధ్యనుంచి పరుగు తీసే ఆటగాడు రన్నింగ్ బ్యాక్. కళాశాల జట్టులో ఈ స్థానంలో ఆడుతున్న యువకుడు వృత్తి ఆటలో, అంటే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో (ఎన్ఎఫ్ఎల్), ఎంతవరకు నిలుస్తాడో ముందుగా బేరీజు వేయడం ఆ లీగ్‌లోని 32 జట్లు ఏటా చేసే పని. ఫిల్మ్ పరిశీలన, శరీర కొలతలు, పరుగు పరీక్షలు, గణాంకాలు, వైద్య పరీక్ష, ముఖాముఖి మాటలు ఇందులో భాగాలు. ఏప్రిల్ చివర్లో జరిగే డ్రాఫ్ట్‌లో ఆ కుర్రవాడు ఏ రౌండులో, ఏ జట్టుకు వెళ్తాడన్నది ఈ అంచనా మీదే ఆధారపడుతుంది.

పైకి చూస్తే ఇది తేలిక పనిలా ఉంటుంది. ప్రతి పరుగుకూ ఎన్ని గజాలు వచ్చాయో స్కోరు పుస్తకంలో రాసే ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. గజాలు ఒక్కడి పేరున జమ అయినా సంపాదించింది పదకొండు మంది. ముందు నిలిచి దారి చేసిన లైన్‌మెన్, ఎత్తు వేసిన కోచ్, పాస్ భయంతో ప్రత్యర్థిని వెనక్కి నెట్టిన క్వార్టర్‌బ్యాక్, అందరికీ అందులో భాగముంది. ఆ గజాల్లో ఆటగాడి సొంత వంతు ఎంత? అంచనా వేసేవాళ్ళు రకరకాల దారుల్లో వెతికేది ఈ ఒక్క ప్రశ్నకు జవాబే.

ఆటలో ఈ స్థానం

బంతి ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు సాగడానికి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. సాగితే మళ్ళీ నాలుగు వస్తాయి. ముందు వరుసలో ఐదుగురు భారీకాయులైన లైన్‌మెన్ ఎదుటివాళ్ళను నెట్టి సందులు తెరుస్తారు. వాళ్ళ వెనక క్వార్టర్‌బ్యాక్, అతని పక్కనో వెనకనో రన్నింగ్ బ్యాక్ నిలబడతారు. అవతలి పక్క కూడా మొదట డిఫెన్సివ్ లైన్‌మెన్, వాళ్ళ వెనక లైన్‌బ్యాకర్లు, అందరికంటే వెనక సేఫ్టీలు కాపు కాస్తారు. పరుగెత్తేవాడు ఈ మూడు అంచెలూ దాటాలి.

రన్నింగ్ బ్యాక్‌కు పనులు మూడు. క్వార్టర్‌బ్యాక్ చేతికిచ్చిన బంతితో పరుగెత్తడం మొదటిది. పాస్ వేసే సమయంలో బయటికి వెళ్ళి బంతిని అందుకోవడం రెండోది. క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాణ్ణి ఎదురొడ్డి ఆపడం మూడోది. కబడ్డీలో కూతకెళ్ళినవాడు అవతలి ఏడుగురి కాళ్ళూ చేతులూ ఒకేసారి కనిపెడుతుంటాడు. రన్నింగ్ బ్యాక్‌కు కావలసిన చూపు అలాంటిదే. అయితే కూతకెళ్ళినవాడు వెనక్కి తిరిగి రావాలి, ఇతను ముందుకే పోవాలి.

కళాశాల ఆటకూ వృత్తి ఆటకూ మైదానం వెడల్పు ఒక్కటే, 160 అడుగులు. తేడా మధ్యలో ఉండే హాష్ గీతల్లో ఉంది. ప్రతి ప్రయత్నమూ ఈ రెండు గీతల నడుమ ఎక్కడో ఒకచోట మొదలవుతుంది. కళాశాల మైదానంలో వాటి మధ్య దూరం 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. అందువల్ల కళాశాల ఆటలో బంతి ఒక గీత మీద ఉంటే ఒక పక్క 60 అడుగులు, రెండో పక్క 100 అడుగుల మైదానం దొరుకుతుంది. వేగం ఉన్న కుర్రవాడు ఆ వెడల్పు పక్కకు తిరిగి అందరినీ చుట్టేసి వెళ్ళగలడు. వృత్తి ఆటలో అంత ఖాళీ ఒకే పక్క దొరకదు, పైగా తరిమేవాళ్ళందరూ వేగం ఉన్నవాళ్ళే. శనివారం కళాశాల ఆటలో 30 గజాలు తెచ్చిన పరుగు ఆదివారం వృత్తి ఆటలో 3 గజాలకే ఆగిపోవడానికి ఇదొక కారణం.

ఎంపిక వ్యవస్థ పుట్టుక, పెరుగుదల

కళాశాల ఆటగాళ్ళను జట్లు వరుసక్రమంలో పంచుకునే డ్రాఫ్ట్ పద్ధతిని ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బర్ట్ బెల్ ప్రతిపాదించాడు. వెనకబడిన జట్టుకు ముందు అవకాశం ఇస్తే లీగ్ సమతూకంగా ఉంటుందన్నది ఆయన వాదన. మొదటి డ్రాఫ్ట్ 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలో జరిగింది. అందులో మొట్టమొదట ఎంపికైన జే బెర్వాంగర్ బంతితో పరుగెత్తే హాఫ్‌బ్యాకే. చికాగో విశ్వవిద్యాలయంలో ఆడిన ఆయన, కళాశాల ఆటలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీని కూడా 1935లో తొలిసారి అందుకున్నాడు. ఈగిల్స్ ఎంచుకుంది, ఆ హక్కును తర్వాత చికాగో బేర్స్ తీసుకుంది, ఆయన మాత్రం వృత్తి ఫుట్‌బాల్ ఒక్క ఆట కూడా ఆడకుండా వేరే ఉద్యోగం చూసుకున్నాడు.

తొలి దశాబ్దాల్లో ఎంపికలు పత్రికా వార్తల మీద, తెలిసిన కోచ్‌ల మాట మీద సాగేవి. 1960లలో కొన్ని జట్లు కలిసి, ఆటగాళ్ళను వెతికి అంచనా వేసే ఉమ్మడి స్కౌటింగ్ సంస్థలు పెట్టుకున్నాయి. అదే దశకంలో డాలస్ కౌబాయ్స్ కంప్యూటర్ వాడటం మొదలుపెట్టింది. ఆ జట్టు జనరల్ మేనేజర్ టెక్స్ ష్రామ్ ఈ పని అప్పజెప్పినవారిలో ముఖ్యుడు భారతదేశం నుంచి వెళ్ళిన గణాంకవేత్త సలాం ఖురేషీ. అమెరికన్ ఫుట్‌బాల్‌తో పెద్దగా పరిచయం లేని ఆయన కోచ్‌లను కూర్చోబెట్టి, వాళ్ళు అలవాటుగా వాడే పొగడ్తలను కొలవదగిన గుణాలుగా విడగొట్టాడు. చురుకుదనం, బలం, పోటీతత్వం, బుర్ర చురుకు, నడవడి వంటి ఒక్కో గుణానికీ స్కౌట్లు విడివిడిగా మార్కులు వేయడం అలా మొదలైంది. నేటి అంచనా పత్రాలన్నిటికీ మూలం ఈ విడగొట్టడంలోనే ఉంది.

మరోపక్క, నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన కళాశాలల వైపు చాలా జట్లు కన్నెత్తి చూడని కాలంలో పిట్స్‌బర్గ్ కొరియర్ పత్రిక క్రీడా రచయిత బిల్ నన్ ఆ మైదానాలన్నీ తిరిగాడు. తర్వాత స్టీలర్స్ జట్టుకు స్కౌట్ అయ్యాడు. 2021లో ఆయన పేరు ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కింది. 1975లో మిసిసిపీలోని జాక్సన్ స్టేట్ నుంచి నాలుగో ఎంపికగా చికాగో బేర్స్‌కు వెళ్ళి 16,726 గజాలు పరుగెత్తిన వాల్టర్ పేటన్ అలాంటి కళాశాలలో ఆడినవాడే. చూడనిదే అంచనా లేదని ఈ చరిత్ర గుర్తు చేస్తుంది.

ఆటగాళ్ళను ఒకేచోట పరీక్షించే శిబిరం 1982లో టాంపాలో మొదలై, 1987 నుంచి ఇండియానాపొలిస్‌లో జరుగుతోంది. దీన్నే స్కౌటింగ్ కంబైన్ అంటారు. 1994 నుంచి డ్రాఫ్ట్ ఏడు రౌండ్లకు కుదిరింది. హైస్కూల్ చదువు ముగిసి మూడేళ్ళు గడిస్తేనే డ్రాఫ్ట్‌కు అర్హత. ఒహాయో స్టేట్ రన్నింగ్ బ్యాక్ మారిస్ క్లారెట్ 2004లో ఈ నియమాన్ని కోర్టులో సవాలు చేసినా, అప్పీలు కోర్టు లీగ్ పక్షానే నిలిచింది.

ఏడాది పొడవునా సాగే పని

వేసవి శిక్షణ శిబిరాల నుంచే ప్రాంతీయ స్కౌట్లు కళాశాలల చుట్టూ తిరుగుతారు. శరత్కాలమంతా శనివారాలు ఆటలు చూడటం, మిగతా రోజుల్లో సాధన చూడటం, కోచ్‌లతో, శిక్షకులతో మాట్లాడటం వాళ్ళ పని. సీజన్ ముగిశాక అలబామాలోని మొబైల్ నగరంలో, డ్రాఫ్ట్‌కు సిద్ధమైన కళాశాల ఆటగాళ్ళ ప్రదర్శన ఆట సీనియర్ బౌల్ జరుగుతుంది. ఆటకంటే ముందు వారమంతా జరిగే సాధనే స్కౌట్లకు ముఖ్యం. ఫిబ్రవరి చివరిలో కంబైన్, మార్చిలో ఆయా కళాశాలల్లోనే పరీక్షలు జరిగే ప్రో డేలు, ఆపైన ఆటగాళ్ళను తమ కార్యాలయానికి పిలిపించుకునే సందర్శనలు వరుసగా వస్తాయి. ఒక్కో జట్టు ఇలా 30 మందిని పిలిపించుకోవచ్చు. చివరకు గదిలో గోడమీద ఒక పట్టిక తయారవుతుంది. ఒక్కో పేరు పక్కన మార్కు, వైద్యుల మాట, అనుమానాలు ఉంటాయి.

వృత్తి ఆటకు చేర్చే నిచ్చెనలో మొదటి మెట్టు హైస్కూల్. టెక్సస్‌లో శుక్రవారం రాత్రి హైస్కూల్ ఆట అంటే ఊరంతా కదులుతుంది. డాలస్ శివారు ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. కౌబాయ్స్ ప్రధాన కేంద్రం కూడా అక్కడే ఉంది. ఆ ప్రాంగణంలోని ఫోర్డ్ సెంటర్‌లోనే ఊరి బడి జట్లు ఆడతాయి. తెలుగు పిల్లలు తమ బడి ఆట చూసే చోటనే వృత్తి జట్టు స్కౌట్ల కార్యాలయం ఉండటం ఈ ఆట అల్లికను దగ్గరగా చూపిస్తుంది.

ఫిల్మ్ పరిశీలన

అంచనాకు వెన్నెముక ఫిల్మ్. టీవీ ప్రసారంలో బంతి చుట్టూనే కెమెరా తిరుగుతుంది. స్కౌట్లు చూసేది మైదానంలోని ఇరవై రెండు మందీ కనిపించే పైకోణం, జట్టు వెనకనుంచి తీసిన కోణం. రెండోది రన్నింగ్ బ్యాక్ అంచనాకు ప్రాణం. అతనికి ఏ సందు కనిపించిందో మనకూ అదే కనిపిస్తుంది.

ఒక మామూలు పరుగును దగ్గరగా చూద్దాం. ఇన్‌సైడ్ జోన్ అనే ఎత్తులో బంతి కదలగానే ఐదుగురు లైన్‌మెన్ ఒకే దిక్కుకు అడుగు వేస్తారు. రన్నింగ్ బ్యాక్ కూడా అదే దిక్కుకు బయల్దేరతాడు. బంతి పొట్టకు తగిలేసరికి అతని కళ్ళు అవతలి లైన్‌లో మొదటివాడి మీద ఉండాలి. ఆ మనిషి బయటికి జరిగితే లోపలి సందు, లోపలికి దూసుకొస్తే పక్క సందు. ఇంకా లైన్‌బ్యాకర్ ఒకడు మిగిలే ఉన్నాడు. నేర్పున్నవాడు వెంటనే తిరగడు. అసలు వెళ్ళదలచని సందువైపు ఇంకో అడుగు వేస్తాడు. లైన్‌బ్యాకర్ అటు కమ్ముకోగానే కాలు నాటి ఇవతలి సందులోకి జారిపోతాడు. తాకినవాణ్ణి భుజంతో జార్చి ముందుకు పడతాడు. ఇదంతా మూడు సెకన్ల లోపే. స్కోరు పుస్తకంలో నాలుగు గజాలని రాస్తారు. స్కౌట్ అదే ముక్కను నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి చూసి, లైన్ ఇచ్చింది ఒక గజం, కుర్రవాడు చేసుకున్నది మూడు అని రాసుకుంటాడు. తర్వాతి పరుగులో అదే కుర్రవాడు ఎవరి చేయీ తగలకుండా అరవై గజాలు పోవచ్చు. స్టేడియం లేచి నిలబడుతుంది. స్కౌట్ మాత్రం, మొదటి ఇరవై గజాలు ఎవరు పరుగెత్తినా వచ్చేవి, వెనకనుంచి తరిమినవాడికి దొరకకుండా పోయిన మిగతా నలభై ఇతనివి అని విడదీస్తాడు.

ఈ పరిశీలనలో వెతికే గుణాలు కొన్ని ఉన్నాయి. మొదటిది చూపు. సందు తెరుచుకున్నాక చూడటం అందరికీ వస్తుంది, తెరుచుకోబోయేదాన్ని పసిగట్టడం కొందరికే వస్తుంది. రెండోది ఓపిక. మిషిగన్ స్టేట్ నుంచి 2013లో రెండో రౌండులో పిట్స్‌బర్గ్‌కు వెళ్ళిన లెవియాన్ బెల్, లైన్ వెనక దాదాపు ఆగినట్టు నిలిచి, సందు తెరుచుకున్నాక దూరేవాడు. మూడోది తాకిడికి నిలకడ. మోకాళ్ళు వంచి, భుజాలు కిందికి దించి పరుగెత్తేవాడికి దెబ్బ తగిలే చోటు తక్కువ. నాలుగోది మార్పు వేగం. పూర్తి వేగంలో ఉండగా దిక్కు మార్చి, మళ్ళీ రెండడుగుల్లో వేగం అందుకోవాలి. అయిదోది బంతి భద్రత. గీత పక్కన పరుగెత్తేటప్పుడు బంతిని బయటిచేతికి మార్చుకుంటున్నాడా, గుంపులో రెండు చేతులతో కప్పుకుంటున్నాడా అన్నది ప్రతి ఆటలో చూస్తారు. బంతి జారవిడిచేవాణ్ణి ఏ కోచూ ఎక్కువకాలం మైదానంలో ఉంచడు.

పాస్ ఆటలో పాత్ర

నేటి వృత్తి ఆటలో పాస్‌లదే పైచేయి. అందువల్ల బంతి అందుకోలేని, క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడలేని రన్నింగ్ బ్యాక్ మూడో ప్రయత్నం వచ్చేసరికి బెంచీ మీద కూర్చోవాల్సి వస్తుంది. ఒకే సీజన్‌లో పరుగులో వెయ్యి గజాలు, అందుకున్న పాస్‌లలో మరో వెయ్యి గజాలు సాధించినవాళ్ళు ముగ్గురు: 1985లో రోజర్ క్రేగ్, 1999లో మార్షల్ ఫాక్, 2019లో క్రిస్టియన్ మెకాఫ్రీ. స్టాన్‌ఫర్డ్‌లో ఆడిన మెకాఫ్రీని 2017లో కారొలైనా పాంథర్స్ ఎనిమిదో ఎంపికగా తీసుకున్నప్పుడు అతని పాస్ నైపుణ్యానికే ఎక్కువ విలువ కట్టారు.

కాపాడే పని కళాశాలలో తక్కువగా నేర్పుతారు. అందుకే సీనియర్ బౌల్ సాధనలో ఒక పరీక్షకు స్కౌట్లు గుంపుగా చేరతారు. క్వార్టర్‌బ్యాక్ ఉండాల్సిన చోట ఒక గుర్తు, దాని ముందు రన్నింగ్ బ్యాక్, ఐదారు గజాల దూరంలో లైన్‌బ్యాకర్. ఈల ఊదగానే లైన్‌బ్యాకర్ పూర్తి వేగంతో వస్తాడు. రన్నింగ్ బ్యాక్ తల దించితే ఓడిపోయినట్టే, ఎందుకంటే అవతలివాడు పక్కకు తప్పుకుని వెళ్ళిపోతాడు. కళ్ళు పైకెత్తి, నడుము దించి, చేతులు లోపలినుంచి ఛాతీకి తగిలించి, అడుగు వెనక్కి వేస్తూ ఆపాలి. బలం కంటే ధైర్యం, ధైర్యం కంటే ఎవరు వస్తారో ముందే గుర్తించే తెలివి ఇందులో ముఖ్యం.

నోటర్ డేమ్‌లో ఆడిన కైరెన్ విలియమ్స్ ఈ పనిలో ముందునుంచీ మెప్పు పొందాడు. కంబైన్‌లో నలభై గజాలకు 4.65 సెకన్లు తీసుకోవడంతో 2022 డ్రాఫ్ట్‌లో అయిదో రౌండు దాకా ఆగాల్సి వచ్చింది. లాస్ ఏంజెలిస్ రామ్స్‌కు వెళ్ళిన రెండో ఏట 1,144 గజాలు పరుగెత్తాడు.

కొలతలు, పరుగు పరీక్షలు

రన్నింగ్ బ్యాక్‌లు ఎక్కువగా 170 నుంచి 183 సెంటీమీటర్ల ఎత్తు, 90 నుంచి 102 కిలోల బరువు ఉంటారు. పొట్టితనం ఇక్కడ లోపమేమీ కాదు. భారీ లైన్‌మెన్ వెనక దాక్కుని ఒక్కసారిగా బయటపడటానికి అది పనికొస్తుంది కూడా. 173 సెంటీమీటర్ల బారీ శాండర్స్ పదేళ్ళలో 15,269 గజాలు పరుగెత్తాడు.

కంబైన్‌లో పేరున్న పరీక్ష నలభై గజాల పరుగు, అంటే దాదాపు 36.6 మీటర్లు. 2008లో ఈస్ట్ కారొలైనా ఆటగాడు క్రిస్ జాన్సన్ 4.24 సెకన్లలో పూర్తిచేసి అందరినీ ఆశ్చర్యపరిచాడు. టెనెసీ టైటన్స్ అతణ్ణి 24వ ఎంపికగా తీసుకుంది. మరుసటి ఏడాదే అతను 2,006 గజాలు పరుగెత్తాడు. ఇందుకు అవతలి ఉదాహరణ ఎమ్మిట్ స్మిత్. ఫ్లోరిడాలో ఆడేటప్పుడు అతను వేగం చాలనివాడన్న మాట ఉండేది. 1990లో 17వ ఎంపికదాకా మిగిలాడు. డాలస్ అతణ్ణి తీసుకుంది. చివరికి 18,355 గజాలతో లీగ్ చరిత్రలోనే అగ్రస్థానం అతనిదయింది. నలభై గజాలు సాఫీగా, ఎవరూ అడ్డులేకుండా పరుగెత్తే అవకాశం అసలు ఆటలో చాలా అరుదు. అందుకే తొలి పది గజాలకు పట్టిన సమయాన్ని చాలామంది స్కౌట్లు విడిగా రాసుకుంటారు. సందు దాటే వేగం అదే.

బరువును లెక్కలోకి తీసుకోకుండా వేగాన్ని పోల్చడం సరికాదని బిల్ బార్న్‌వెల్ అనే రచయిత స్పీడ్ స్కోర్ అనే సూత్రం ప్రతిపాదించాడు. పౌన్లలో బరువును 200తో గుణించి, నలభై గజాల సమయపు నాలుగో ఘాతంతో భాగిస్తారు. మామూలు ఆటగాడికి 100 దగ్గర వస్తుంది. 197 పౌన్ల జాన్సన్‌కు ఈ లెక్కన సుమారు 122. 2016లో కంబైన్‌కు వచ్చిన 247 పౌన్ల డెరిక్ హెన్రీ 4.54 సెకన్లలో పరుగెత్తాడు, అతనికి సుమారు 116. సమయం ఒక్కటే చూస్తే మామూలుగా కనిపించేవాడు బరువు కలిపితే అసాధారణుడని తేలుతుంది. అయినా రెండో రౌండులో 45వ ఎంపికగా వెళ్ళిన హెన్రీ, 2020లో 2,027 గజాలు పరుగెత్తాడు.

నిలువు దూకుడు, పొడవు దూకుడు కాళ్ళ పేలుడు బలాన్ని చూపుతాయి. ఇరవై గజాల షటిల్, మూడు కోన్ల పరుగు దిక్కు మార్చే నేర్పును చూపుతాయి. 225 పౌన్ల బరువును ఎన్నిసార్లు ఎత్తాడన్నది ఈ స్థానానికి పెద్దగా ఉపయోగపడదు.

అంకెలు చెప్పేవి, దాచేవి

గజాల మొత్తం కంటే పరుగుకు సగటు మేలు, సగటు కంటే తాకిడి తర్వాత వచ్చిన గజాలు మేలు. ఒక్కో పరుగులో ఎందరి పట్టు తప్పించుకున్నాడు, సందర్భానికి తగినంత దూరం ఎన్నిసార్లు తెచ్చాడు అన్నవి కూడా లెక్కిస్తారు. పది గజాలు కావలసిన మొదటి ప్రయత్నంలో నాలుగైదు గజాలు విజయమే. ఒక గజం కావలసిన చోట ఒక గజం చాలు.

అంకెలు పోల్చేటప్పుడు వాటి పుట్టుక తెలియాలి. 1988లో ఓక్లహామా స్టేట్ తరఫున బారీ శాండర్స్ 11 ఆటల్లో 2,628 గజాలు పరుగెత్తాడు. 2024లో బోయిసీ స్టేట్ ఆటగాడు ఆష్టన్ జెంటీ 14 ఆటల్లో 2,601 గజాలు చేశాడు. పైకి 27 గజాలే తేడా. అయితే శాండర్స్ కాలంలో సీజన్ చివరి బౌల్ ఆటను లెక్కలో కలిపేవారు కాదు. అందులో అతను పరుగెత్తిన 222 గజాలు ఆ మొత్తానికి బయటే ఉన్నాయి. జెంటీ గొప్పతనం దీనివల్ల తగ్గదు. అతణ్ణి 2025లో లాస్ వేగస్ రైడర్స్ ఆరో ఎంపికగా తీసుకుంది. అంకె పక్కన ఎన్ని ఆటలు, ఎలాంటి ప్రత్యర్థులు, ఎన్ని ప్రయత్నాలు అన్నది రాసుకోకపోతే అంచనా దారి తప్పుతుందనే ఈ పోలిక.

కళాశాల అంకెలు ఎంత పెద్దవైనా హామీ పత్రం కావు. విస్కాన్సిన్ ఆటగాడు రాన్ డేన్ 1999లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచి, 2000లో 11వ ఎంపికగా న్యూయార్క్ జెయింట్స్‌కు వెళ్ళాడు. వృత్తి ఆటలో ఒక్క సీజన్‌లోనూ వెయ్యి గజాలు చేరలేదు. అదే కళాశాల నుంచి వచ్చిన జొనాథన్ టేలర్ 2020లో 41వ ఎంపికగా వెళ్ళి, మరుసటి ఏడాది 1,811 గజాలతో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. కళాశాల పేరును బట్టి మంచిగానీ చెడుగానీ తీర్మానించకూడదని ఈ ఇద్దరూ కలిసి నేర్పుతారు.

తోటివాళ్ళ వంతు

ఆటగాడి సొంత వంతు తేల్చడం ఎంత కష్టమో చెప్పడానికి మూడు ఉదాహరణలు చాలు.

మొదటిది ట్రెంట్ రిచర్డ్‌సన్. 2011లో అలబామా తరఫున 1,679 గజాలు పరుగెత్తిన అతణ్ణి 2012లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ మూడో ఎంపికగా తీసుకుంది. తొలి ఏట 950 గజాలు వచ్చినా పరుగుకు సగటు 3.6 గజాలే. 2013 సెప్టెంబరులో ఇండియానాపొలిస్ కోల్ట్స్ ఒక మొదటి రౌండు ఎంపికను ఇచ్చి తీసుకుంది. అక్కడ ఆ ఏడాది సగటు 2.9కి పడిపోయింది. 2014 తర్వాత అతను లీగ్‌లో ఆడలేదు. అలబామాలో అతని ముందు అంతంత పెద్ద సందులు తెరుచుకునేవి. సన్నని సందును వెతుక్కునే అవసరం అక్కడ తక్కువ. చూపును పరీక్షించే పరుగులు ఫిల్మ్‌లో అరుదుగా ఉన్నప్పుడు, ఉన్న కొన్నిటినే పదేపదే చూడాలన్నది ఈ అనుభవం నేర్పిన పాఠం.

రెండోది డెన్వర్ బ్రాంకోస్. కోచ్ మైక్ షానహన్, లైన్ కోచ్ అలెక్స్ గిబ్స్ కలిసి, లైన్‌మెన్ అందరూ ఒకే దిక్కుకు కదిలే జోన్ బ్లాకింగ్ పద్ధతికి అక్కడ పదును పెట్టారు. 1995లో ఆరో రౌండులో, 196వ ఎంపికగా జార్జియా నుంచి వచ్చిన టెరెల్ డేవిస్ 1998లో 2,008 గజాలు పరుగెత్తాడు. అతను గాయపడ్డాక 1999లో నాలుగో రౌండు ఆటగాడు ఒలాండిస్ గ్యారీ, 2000లో ఆరో రౌండు ఆటగాడు మైక్ ఆండర్సన్ కూడా వెయ్యి గజాలు దాటారు. ఒకే దారిలో ముగ్గురు వెయ్యి దాటితే దారి గొప్పదనక తప్పదు. అయినా డేవిస్ రెండు వేలు దాటాడు, మిగతా ఇద్దరూ దాటలేదు. ఆ తేడాలో డేవిస్ సొంత వంతు కనిపిస్తుంది. 2017లో అతను హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు.

మూడోది సాక్వాన్ బార్‌క్లీ. పెన్ స్టేట్ నుంచి 2018లో రెండో ఎంపికగా జెయింట్స్‌కు వెళ్ళిన అతను అక్కడ చివరి ఏడాది, 2023లో, 962 గజాలు చేశాడు. సగటు 3.9. మరుసటి ఏడాది బలమైన లైన్ ఉన్న ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు వెళ్ళి 5.8 సగటుతో 2,005 గజాలు పరుగెత్తాడు. ఆ జట్టు లీగ్ అంతిమ పోటీ అయిన సూపర్ బౌల్ కూడా గెలిచింది. మనిషి అతనే, ముందు నిలిచినవాళ్ళు మారారు. లైన్ బలహీనంగా ఉన్న కళాశాలలో తక్కువ గజాలు చేసిన కుర్రవాణ్ణి తోసిపుచ్చే ముందు ఏ స్కౌటైనా ఈ రెండు ఏళ్ళనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

శరీరం, గాయాలు

ఈ స్థానంలో ఆడేవాడు ప్రతి ఆటలో పదిహేను ఇరవై సార్లు నేలకు కొట్టబడతాడు. చాలామందికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళకే వేగం తగ్గుతుంది. అందుకే కళాశాలలో ఎన్నిసార్లు బంతి మోశాడన్నది కూడా అంచనాలో చేరుతుంది. ఎక్కువ మోస్తే ఓర్పుకు నిదర్శనమా, అరుగుదలకు గుర్తా అన్న వాదం తెగనిది. 2015లో అలబామా తరఫున ఒకే సీజన్‌లో 395 సార్లు బంతి మోసిన డెరిక్ హెన్రీ, ముప్పై ఏళ్ళ వయసులో 2024లో 1,921 గజాలు పరుగెత్తి, అరుగుదల వాదాన్ని ఇంకా చిక్కుపరిచాడు.

కంబైన్‌లో పరుగు పరీక్షలకంటే వైద్య పరీక్ష ముఖ్యమని జట్లు భావిస్తాయి. అన్ని జట్ల వైద్యులూ మోకాళ్ళు, చీలమండలు, భుజాలు తడిమి చూస్తారు. ఇక్కడే అంచనాకు అతి పెద్ద హద్దు కనిపిస్తుంది. మయామీలో ఆడిన ఫ్రాంక్ గోర్‌కు కళాశాలలోనే రెండు మోకాళ్ళ లిగమెంట్లూ తెగాయి. 2005లో మూడో రౌండులో శాన్‌ఫ్రాన్సిస్కో 49అర్స్ అతణ్ణి తీసుకుంది. అతను పదహారు సీజన్లు ఆడి, సరిగ్గా 16,000 గజాలతో చరిత్రలో మూడో స్థానానికి చేరాడు. సౌత్ కారొలైనా ఆటగాడు మార్కస్ లాటిమోర్‌కు 2011లో ఒక మోకాలు, 2012లో రెండోది దెబ్బతిన్నాయి. అదే జట్టు 2013లో నాలుగో రౌండులో అతణ్ణి తీసుకుని కోలుకునే అవకాశం ఇచ్చింది. 2014లో ఒక్క ఆట కూడా ఆడకుండానే అతను విరమించుకున్నాడు. ఒకే జట్టు, రెండేసి మోకాళ్ళు, ఒకటే ఆశ. ఒకరికి పదహారేళ్ళు దక్కాయి, ఇంకొకరికి ఒక్క రోజూ దక్కలేదు. నివేదికలోని వైద్య భాగాన్ని రాసేవాళ్ళు, చదివేవాళ్ళు ఈ ఇద్దరినీ మరవకూడదు.

మనసు, నడవడి

ముఖాముఖిలో ఆటగాడి ముందు బోర్డు పెట్టి, తన కళాశాల ఎత్తులు గీసి చెప్పమంటారు. అవతలి జట్టు ఇలా నిలబడితే నువ్వు ఎవరిని ఆపాలి అని అడుగుతారు. పాత ఆట ఒకటి చూపించి, ఇక్కడ నీ తప్పేమిటని అడుగుతారు. తప్పును తనమీద వేసుకునేవాడు, తోటివాడిమీదికి తోసేవాడు అక్కడే తేలిపోతారు. వండర్లిక్ అనే రాతపరీక్షను 2022 నుంచి కంబైన్‌లో ఆపేశారు. కాగితం మీది పరీక్ష మైదానంలోని బుద్ధిని సరిగా కొలవదన్న విమర్శ దానిపై చాలాకాలంగా ఉండేది. కోచ్ మాటకంటే బట్టలు ఉతికే గదిలో పనిచేసేవాళ్ళు, శిక్షకులు చెప్పే మాట ఎక్కువ నమ్మదగ్గదని అనుభవమున్న స్కౌట్లు అనుకుంటారు. ఎవరికీ లాభం లేని చోట మనిషి ఎలా ఉంటాడో చూసేది వాళ్ళే మరి.

స్థానం విలువపై వాదం

ఒకప్పుడు రన్నింగ్ బ్యాక్ డ్రాఫ్ట్‌కు రాజు. 2013లో 1963 తర్వాత మొదటిసారి మొదటి రౌండులో ఒక్క రన్నింగ్ బ్యాక్ కూడా ఎంపిక కాలేదు. 2014లోనూ, మళ్ళీ 2024లోనూ అంతే. పాస్ ఆట పెరగడం, తర్వాతి రౌండ్లలోనూ మంచివాళ్ళు దొరకడం ఇందుకు కారణాలు. టెనెసీ ఆటగాడు ఏరియన్ ఫాస్టర్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2010లో అతను 1,616 గజాలతో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. 2017లో ఆ స్థానం మూడో రౌండులో వచ్చిన కరీం హంట్‌ది.

లీగ్, ఆటగాళ్ళ సంఘం 2011లో చేసుకున్న ఒప్పందం నుంచి కొత్త ఆటగాడి జీతం ఎంపిక వరుసను బట్టి నాలుగేళ్ళకు ముందే ఖరారవుతుంది. మొదటి రౌండువాళ్ళకు జట్టు కోరితే అయిదో ఏడు కూడా కలుస్తుంది. రన్నింగ్ బ్యాక్ శరీరం ఉచ్చస్థితిలో ఉండే ఏళ్ళు దాదాపు అవే. రెండో ఒప్పందం వేళకు అరిగిపోయాడని పక్కనపెడతారు. 2023 వేసవిలో పలువురు ప్రముఖ రన్నింగ్ బ్యాక్‌లు దీనిపై కలిసి మాట్లాడుకుని గొంతెత్తారు. ఈ స్థానంలో తప్పు అంచనాకు తక్కువ అంచనా వేయించుకున్నవాడే ఎక్కువ మూల్యం చెల్లిస్తాడు. ఆరో రౌండులో పడ్డ క్వార్టర్‌బ్యాక్‌కు తనను తాను నిరూపించుకోవడానికి పదేళ్ళు ఉంటాయి, రన్నింగ్ బ్యాక్‌కు మూడు నాలుగేళ్ళే. అందువల్ల అంచనాలో నిక్కచ్చితనం జట్టుకు లాభం, ఆటగాడికి న్యాయం. 2024లో బార్‌క్లీ, హెన్రీ కొత్త జట్లలో చూపిన ప్రభావం తర్వాత ఈ స్థానం విలువ మళ్ళీ కొంత పెరిగింది.

ఒక డ్రాఫ్ట్, రెండు పేర్లు

1995 డ్రాఫ్ట్ ఈ విద్య మొత్తానికీ అద్దం పడుతుంది. ఆ ఏడాది మొట్టమొదటి ఎంపిక పెన్ స్టేట్ రన్నింగ్ బ్యాక్ కిజానా కార్టర్. ఆ తర్వాత ఇప్పటిదాకా మరే రన్నింగ్ బ్యాక్ మొదటి ఎంపిక కాలేదు. సిన్సినాటి బెంగాల్స్ తరఫున సీజన్‌కు ముందు ఆడిన సన్నాహక ఆటలో, మూడోసారి బంతి పట్టుకున్నప్పుడే అతని మోకాలి లిగమెంట్ తెగింది. లీగ్‌లో అతని మొత్తం 1,144 గజాలు. అదే డ్రాఫ్ట్‌లో 195 పేర్ల తర్వాత పిలిచిన పేరు టెరెల్ డేవిస్. అతని మొత్తం 7,607 గజాలు.

కార్టర్ విషయంలో స్కౌట్లు చూసింది తప్పు కాదు. మోకాలు తెగుతుందని ఏ ఫిల్మూ చెప్పదు. డేవిస్ విషయంలో వాళ్ళు చూడనిది ఉంది. అందరికంటే బాగా చూసినవాళ్ళు కూడా అతణ్ణి ఆరో రౌండుదాకా వదిలేశారు. మొదటి దాన్ని అదృష్టానికి వదిలేయవచ్చు, రెండోదాన్ని వదిలేయకూడదు. మంచి స్కౌట్ ప్రతి వేసవీ తన పాత నివేదికలు బయటికి తీసి, ఏ పేరు దగ్గర లైన్ వంతును ఆటగాడికి రాశాడో, ఏ పేరు దగ్గర ఆటగాడి వంతును లైన్‌కు రాశాడో సరిచూసుకుంటాడు. ఆగస్టు వచ్చేసరికి కొత్త పేర్ల పట్టికతో మళ్ళీ మొదటి కళాశాలకు బయల్దేరతాడు.